వీల్‌చైర్‌తో క్రూయిజ్: అమ్మను తీసుకెళ్లాలనుకుంటున్నాం, ముందుగా ఏం చూసుకోవాలి?

సాగరిక

అందరికీ నమస్కారం. అమ్మకి పక్షవాతం వచ్చాక కుడి చేయీ, కుడి కాలూ బాగా బలహీనపడ్డాయి. ఇంట్లో నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా నడుస్తుంది, అదీ పక్కన ఒకరుంటేనే. గడప దాటితే వీల్‌చైరే. మాట స్పష్టంగా ఉంది, జ్ఞాపకశక్తి మాకంటే ఎక్కువ. ఓడ ఎక్కాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు నేనూ చెల్లీ కలిసి తీసుకెళ్తామంటే, "నన్ను తోసుకుంటూ తిరగడంతోనే మీకు సరిపోతుంది, మీరిద్దరూ వెళ్లిరండి" అంటోంది.

ఏ క్రూయిజ్ సైటు చూసినా "వీల్‌చైర్‌కి అనుకూలం" అనే రాసి ఉంది. ఆ ఒక్క ముక్క నమ్మి డబ్బు కట్టొచ్చా? గది ఎలా ఎంచుకోవాలి, బాత్రూమ్ ఎలా ఉంటుంది, ఊళ్లలో ఎలా దిగుతారు? వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెబితే మాకు ధైర్యంగా ఉంటుంది.

రెండుచక్రాలు

సాగరిక గారూ, నాకు వెన్నెముక దెబ్బ వల్ల నడుము కింద కదలిక లేదు. మామూలు వీల్‌చైర్ వాడతాను, చేతులతో నేనే తోసుకుంటాను. క్రూయిజ్ మనలాంటివాళ్లకి నిజంగా మంచి ప్రయాణం. ఒక్కసారి గదిలో సామాను సర్దుకుంటే చాలు, ఊరు మారినప్పుడల్లా కొత్త హోటలు, కొత్త బాత్రూమ్ అనే బెంగ ఉండదు.

అందరూ ముందు ఓడని చూస్తారు. మీరు ముందు దారి చూడండి. ఆ ఓడ ఏయే ఊళ్లలో ఆగుతుందో, ప్రతి ఊళ్లోనూ రేవు గట్టుకి ఆనుకుని ఆగుతుందా లేక దూరంగా లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతుందా అన్నది తెలుసుకోండి. ఆ చిన్న పడవల్ని టెండర్లంటారు. గట్టుకి ఆనుకుంటే గ్యాంగ్‌వే, అంటే ఓడకీ గట్టుకీ మధ్య వేసే వంతెన మీదుగా వీల్‌చైర్‌లోనే దిగిపోతాం. టెండరైతే ఓడకీ పడవకీ మధ్య సందు ఉంటుంది, అల వచ్చినప్పుడు పడవ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. సముద్రం కాస్త గట్టిగా ఉన్నరోజు "ఈరోజు కుదరదండీ" అనేస్తారు. అనడం న్యాయమే, అక్కడ కాలు ఇరుక్కుంటే విరిగిపోతుంది.

గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ, స్యాంటోరిని, కాబో శాన్ లూకస్, బోరా బోరా, ఇవన్నీ టెండర్ ఊళ్లే. స్యాంటోరినిలో టెండర్ దిగాక కూడా కొండ పైనున్న ఊరికి కేబుల్ కారులో ఎక్కాలి, ఆ స్టేషన్ దగ్గర మెట్లున్నాయి. బార్సిలోనా, కోపెన్‌హేగన్, సింగపూర్, కొజుమెల్ లాంటి చోట్ల గట్టుకే ఆనుకుంటాయి. కొన్ని ఊళ్లలో ఆ రోజు ఎన్ని ఓడలొచ్చాయన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కంపెనీని మీ తేదీ చెప్పి అడగండి.

నిదానం

అమ్మా సాగరికా, నాది మోకీళ్ల అరుగుదల. కాస్త దూరం నడవగలను, తర్వాత కూర్చోవాల్సిందే. నేను ఓడలో స్కూటర్ వాడతాను. పెద్ద ఓడలు ఎంత పొడుగుంటాయో ఎక్కేదాకా తెలియదు. ఒయాసిస్ తరగతి ఓడలైతే 360 మీటర్ల దాకా ఉంటాయి. భోజనశాల ఒక చివర, థియేటర్ ఇంకో చివర. దానికి తోడు కారిడార్లలో మెత్తటి కార్పెట్. దాని మీద చక్రాలు తేలిగ్గా దొర్లవు, తోసేవాళ్లకి రెక్కలు లాగేస్తాయి. మీ ఇద్దరక్కచెల్లెళ్లూ దీన్ని లెక్కలో వేసుకోండి.

ఏడో_డెక్

నేను ఓడల్లో హోటల్ విభాగంలో చాలాకాలం పనిచేశాను, గదుల పని నాదే. "అనుకూలం" అనే మాట మీద సాగరిక గారికొచ్చిన సందేహం సరైనదే. ఆ మాట కింద మూడు రకాల గదులుంటాయి.

ఒకటి పూర్తి వీల్‌చైర్ గది. తలుపు వెడల్పు సుమారు 32 అంగుళాలు, అంటే 81 సెంటీమీటర్లు. లోపల వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల ఖాళీ, స్నానానికి గడప లేకుండా చక్రాలతో నేరుగా వెళ్లే షవర్, గోడకి మడత కుర్చీ, పట్టుకోడానికి కమ్మీలు, కిందికి దించిన బట్టల కమ్మీ. రెండోదాంట్లో మంచానికి ఒక పక్కనే వీల్‌చైర్ పట్టే జాగా ఉంటుంది. మూడోది కాస్త నడవగలిగేవాళ్ల కోసం. తలుపు అంత వెడల్పుండదు, బాత్రూమ్‌లో కమ్మీలుంటాయి. పేర్లు కంపెనీకో రకంగా ఉంటాయి, అందుకే పేరు చూసి మోసపోవద్దు.

ఈ మూడూ కాని మామూలు గదికి తలుపు 22 నుంచి 24 అంగుళాలే ఉంటుంది. పెద్దవాళ్ల వీల్‌చైర్లు చాలావరకూ 24 పైనే. కుర్చీ తలుపు బయటే ఆగిపోతుంది. బాత్రూమ్‌కి ఎత్తు గడప కూడా ఉంటుంది.

మీ అమ్మగారికి మొదటి రకం గదే తీసుకోండి. ఇంట్లో నాలుగడుగులు వేస్తారు కదా, మూడో రకం చాలదా అనిపించొచ్చు. ఓడ ఊగుతున్నప్పుడు, రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సినప్పుడు ఇంట్లో నడిచినట్టు నడవలేరు.

ఫిజియోమాట

ఏడో_డెక్ గారి చివరి మాటని నేను ఇంకా గట్టిగా చెబుతాను. నేను ఫిజియోథెరపిస్టుని, పక్షవాతం తర్వాత కోలుకునేవాళ్లతోనే రోజంతా నా పని.

సాగరిక గారూ, గది బుక్ చేసేముందు బాత్రూమ్ ఫొటో అడగండి. కమోడ్ మీద కూర్చున్నప్పుడు గోడా, కమ్మీ ఏ చేతివైపు వస్తున్నాయో చూడండి. అమ్మగారికి ఎడమ చెయ్యి మంచిది కాబట్టి కూర్చున్నప్పుడు కమ్మీ ఎడమ పక్కన ఉండాలి. అది కుడి పక్కనుంటే ఎంత మంచి గదైనా ఆవిడకి పనికిరాదు, లేచిన ప్రతిసారీ మీరే ఎత్తాలి. ఓడల్లో ఎడమ వైపు వరుసలో గదికీ, కుడి వైపు వరుసలో గదికీ అమరిక చాలాసార్లు తిరగబడి ఉంటుంది. కాబట్టి ఒక వైపు గది పనికిరాకపోతే ఎదుటి వరుసలో అదే రకం గది సరిగ్గా సరిపోవచ్చు. దీన్ని దాదాపు ఎవరూ అడగరు.

మంచం విషయంలోనూ అంతే. మంచి చెయ్యి వైపు నుంచి దిగేలా ఉండాలి. మంచం ఎత్తు సెంటీమీటర్లలో అడగండి, మీ వీల్‌చైర్ సీటు ఎత్తుతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే మారడం సులువు. మనిషిని మంచం మీంచి ఎత్తే యంత్రం వాడేవాళ్లైతే మంచం కింద ఖాళీ ఉందా అన్నది కూడా అడగాలి. కింద పెట్టెలా మూసేసి ఉంటే యంత్రం కాళ్లు లోపలికి వెళ్లవు.

సాగరిక

అమ్మ ఎడమ చెయ్యి సంగతి మాకసలు తట్టలేదు. చాలా థాంక్సండీ. ఇప్పుడే మా బాత్రూమ్‌లో కూర్చోబెట్టి చూశాం, నిజంగానే ఎడమ పక్క గోడ ఉంటేనే తనంతట తను లేస్తోంది.

ఆలోచించండి

ఉత్సాహం చల్లార్చాలని కాదు, కానీ ఎవరో ఒకరు అనాలి. పక్షవాతం వచ్చిన మనిషిని సముద్రం మధ్యలోకి తీసుకెళ్తున్నారు. మళ్లీ వస్తే? ఓడలో ఆసుపత్రి ఉంటుందా? ఉన్నా స్కాన్ ఉంటుందా? పైగా ఊళ్లలో దిగలేకపోతే గదిలో కూర్చోడానికే అంత ఖర్చు ఎందుకు? ఆ డబ్బుతో నేల మీద ఒక మంచి చోట హాయిగా ఉండొచ్చు కదా.

ఏడో_డెక్

మొదటి ప్రశ్న మంచిదే, దానికి జవాబు ఇస్తాను. పెద్ద ఓడల్లో డాక్టరూ, నర్సులూ ఉంటారు. ఈసీజీ, కొన్ని రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఆక్సిజన్, అత్యవసర మందులు ఉంటాయి. సీటీ స్కాన్ సాధారణంగా ఉండదు. అంటే పెద్ద జబ్బు చేస్తే స్థిమితపరిచి, దగ్గరి ఊరికి పంపడమే వాళ్లు చేయగలిగేది. ఆ తరలింపు ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి సాగరిక గారు రెండు పనులు తప్పకుండా చేయాలి. న్యూరాలజిస్టుని అడిగి సరేనన్నాకే బుక్ చేయాలి. బీమా తీసుకునేటప్పుడు పక్షవాతం వచ్చిన సంగతి దాచకుండా రాయాలి, వైద్య తరలింపు అందులో ఉందో లేదో చదవాలి. రాయకపోతే అవసరమైనప్పుడు ఆ బీమా చెల్లదు.

సముద్రం మీద వరసగా రోజులు గడిచే దారి కాకుండా, దాదాపు రోజూ ఏదో ఒక పట్టణంలో ఆగే దారి చూసుకుంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

రెండుచక్రాలు

ఆలోచించండి గారూ, మీ మొదటి ప్రశ్నకి గౌరవం. రెండోదానికి మాత్రం నేను ఒప్పుకోను. "దిగలేకపోతే ఎందుకు" అంటున్నారు. నేను అలాస్కా వెళ్లినప్పుడు గ్లేసియర్ బేలో ఓడ ఎక్కడా ఆగదు, ఎవరూ దిగరు. జాతీయ ఉద్యానవనం రేంజర్లే ఓడ ఎక్కి మైకులో చెబుతుంటారు. మంచుకొండ ముందు ఓడ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది. ఆ రోజు ఓడలో ఉన్న ప్రతి ఒక్కరూ చూసింది నేనూ చూశాను, అదే రెయిలింగు పక్క నుంచి. కొండెక్కేవాడికి ఒక అందం, కింద కూర్చున్నవాడికి ఇంకో అందం అన్న తేడా అక్కడ లేదు. నార్వేలో కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, ఫ్యోర్డ్‌లంటారు, అవీ అంతే, పనామా కాలువ దాటడమూ అంతే. ఓడే చూపించే దారులు ఇవి. దిగడం కష్టమైనవాళ్లకి నేను మొదట చెప్పేవి ఇవే.

బాల్కనీకి వెళ్లే గడప దగ్గర వాలు పలక ఉందా అని అడగండి. కొన్ని గదుల్లో ముందే ఉంటుంది, కొన్నిట్లో అడిగితే తెచ్చి వేస్తారు. అమ్మగారు పొద్దున్నే లేచి ఎవరినీ పిలవకుండా సముద్రం చూడగలిగితే, ఆవిడకి "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను" అన్న మాట నోట్లోంచి రాదు.

ఆలోచించండి

రెండుచక్రాలు గారూ, సరే. గ్లేసియర్ బే సంగతి నాకు తెలియదు. బీమా, డాక్టరు విషయంలో మాత్రం నా మాట అదే.

వెన్నెల_తీరం

మా వారికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. పవర్ వీల్‌చైర్ లేకుండా కదలలేరు. మాకు జరిగింది చెబుతాను, మీరు ముందే అడుగుతారని.

ఒక ఊళ్లో టెండర్ ఉంటుందని తెలిసి, కంపెనీకి ముందే ఫోన్ చేశాం. "వీల్‌చైర్లు ఎక్కిస్తాం, ఏం పర్లేదు" అన్నారు. ఆరోజు పొద్దున తయారై కిందికి వెళ్తే, మడిచే కుర్చీలైతేనే ఎక్కిస్తామన్నారు. పవర్ చైర్ బరువుకి పడవలోకి దింపే ఏర్పాటు లేదట. ఫోన్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు. మా వారు ఆ రోజంతా మౌనంగా ఉండిపోయారు. నాకు ఊరు చూడనందుకు కాదు బాధ. అంతమంది క్యూలో నిలబడి చూస్తుండగా వెనక్కి తిప్పించడం గుర్తొస్తే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది.

ఇంకోటి, ఊరు చూపించే టూర్లు. "వీల్‌చైర్‌వాళ్లూ రావచ్చు" అని రాస్తారు. చాలాచోట్ల దాని అర్థం కుర్చీ మడిచి బస్సు డిక్కీలో పెడతారు, మనిషి మాత్రం మెట్లెక్కి సీట్లో కూర్చోవాలి. లిఫ్టున్న బస్సు అంటే అది వేరు. "బస్సుకి లిఫ్టు ఉందా, కుర్చీలో కూర్చునే ప్రయాణం చేయొచ్చా" అని అడగండి. జవాబు ఫోన్లో కాకుండా మెయిల్లో తీసుకోండి.

ఏడో_డెక్

వెన్నెల_తీరం గారూ, మీవారికి జరిగినది చాలా అన్యాయం. ఓడలో చివర నిలబడే సిబ్బందికి ఆ ఫోన్ సంభాషణ చేరదు, ప్రయాణికుడికి సిబ్బంది పరిమితులు చేరవు. మధ్యలో నలిగేది మీరు.

టెండర్ దగ్గర సాధారణ పద్ధతి ఇది. సిబ్బంది మనిషిని ఎత్తరు. చెయ్యి అందిస్తారు, ఖాళీ కుర్చీని దింపుతారు. ఒకటో రెండో అడుగులు తనంతట తను వేయగలగాలి. చక్రాలతో నేరుగా ఎక్కగలిగే ఏర్పాటు కొన్ని ఓడల్లోనే ఉంది. 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్ ఓడకి పక్కన నారింజ రంగు వేదిక ఒకటుంది, మ్యాజిక్ కార్పెట్ అంటారు. దాన్ని కింది డెక్ మట్టానికి దించి టెండర్లు ఎక్కడానికి వాడతారు. ఇలాంటివి ఉన్నా సముద్రం ఒప్పుకోవాలి.

గట్టుకి ఆనుకునే ఊళ్లలో కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. అలాస్కా లాంటి చోట్ల ఆటుపోట్ల తేడా కొన్ని మీటర్లు. అదే గ్యాంగ్‌వే పొద్దున దాదాపు చదునుగా ఉండి మధ్యాహ్నానికి నిటారుగా అయిపోవచ్చు. ఎప్పుడు తక్కువ వాలుగా ఉంటుందో గ్యాంగ్‌వే దగ్గరున్న భద్రతా సిబ్బందిని అడిగితే చెబుతారు, వాళ్లకి ఆ లెక్క తెలుసు. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించమనండి.

నిదానం

నాదొక ప్రశ్న. నాలా కాస్త నడవగలిగినవాళ్లు ఆ పెద్ద గది తీసుకోవచ్చా? స్కూటర్ కారిడార్‌లో పెట్టనివ్వరు, గదిలోనే పెట్టాలంటారు. మామూలు గదిలో పట్టదు.

రెండుచక్రాలు

పెద్దాయన అడిగారు కాబట్టి మనసులో ఉన్నది చెబుతాను. ఆ గదులు ఒక్కో ఓడలో చాలా తక్కువ. అవి నిండిపోతే నాలాంటివాడికి ఆ ప్రయాణమే లేదు, ఎందుకంటే వేరే ఏ గదిలోకీ నేను వెళ్లలేను. జాగా ఎక్కువని, బాత్రూమ్ పెద్దదని తీసుకునేవాళ్లు ఉన్నారు. అందుకే కొన్ని కంపెనీలు అవసరం ఉందని సంతకం పెట్టించుకుంటున్నాయి. మీకు స్కూటర్ నిజంగా అవసరమైతే అడగండి, అందులో తప్పేం లేదు. మడిచి పెట్టుకునే స్కూటరైతే మూడో రకం గది సరిపోతుందేమో ముందు చూడండి. వెడల్పు ఎంతో రాసి పంపితే కంపెనీయే చెబుతుంది.

నిదానం

సరే బాబూ, అలాగే చేస్తాను. నా స్కూటర్ విడదీసేదే.

సాగరిక

కారిడార్‌లో ఎందుకు పెట్టనివ్వరు? అమ్మ కుర్చీ రాత్రి తలుపు బయట పెడదామనుకున్నాం.

ఏడో_డెక్

అగ్నిప్రమాదం, పొగ వస్తే అందరూ ఆ కారిడార్ గుండానే బయటికి రావాలండీ. చీకట్లో ఒక కుర్చీ అడ్డమైతే వెనకాల వందమంది ఆగిపోతారు. దీంట్లో ఏ ఓడా మినహాయింపు ఇవ్వదు.

ఈ మాట వచ్చింది కాబట్టి అసలైనది చెబుతాను, దీన్ని ఎవరూ అడగరు. ప్రమాదం జరిగితే లిఫ్టులు వాడకూడదు. మరి అమ్మగారు ఎలా దిగుతారు? మెట్ల మీద దించే ప్రత్యేకమైన కుర్చీలుంటాయి, సిబ్బందికి వాటిలో శిక్షణ ఉంటుంది. ఎవరి గదికి సాయం వెళ్లాలో జాబితా ముందే తయారుగా ఉంటుంది. ఆ జాబితాలో అమ్మగారి పేరు, గది నంబరు ఉందా అని మొదటిరోజే రిసెప్షన్‌లో అడిగి నిర్ధారించుకోండి. బుకింగ్‌లో రాశాం కదా అని ఊరుకోవద్దు.

2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ మునిగినప్పుడు 32 మంది చనిపోయారు. అప్పటికి కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామందికి ప్రమాదం జరిగితే ఎక్కడికి చేరాలో చూపించే భద్రతా డ్రిల్లే జరగలేదు, అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. 2015 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నియమం మారింది. ఓడ బయల్దేరక ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ చేయాలి. ఆ సమయంలో అమ్మగారిని కూడా మీతోపాటు ఆ చోటికి తీసుకెళ్లండి. దారి ఎంతుందో, ఎక్కడ మెట్లున్నాయో మీకు కళ్లారా తెలుస్తుంది.

ఫిజియోమాట

గది ఏ డెక్‌లో అన్నదీ ఇందులో భాగమే. ఓడ మధ్యలో, కింది డెక్‌లలో ఊపు తక్కువ. ముందు చివరా, పై డెక్‌లలోనూ ఎక్కువ. అమ్మగారి తూకం ఇప్పటికే ఒక పక్కకి ఉంటుంది కాబట్టి మధ్యలో గది, లిఫ్టుకి దగ్గరగా తీసుకోండి.

ఓడ ఊగినప్పుడు చక్రాల వాకర్ తనంతట తనే జారిపోతుంది, ఆవిడ నాలుగు కాళ్ల కర్రే నయం. వీల్‌చైర్ ఆగిన ప్రతిసారీ బ్రేకు వేయాలి, ఇద్దరు నిమిషం మాట్లాడుకోడానికి ఆగినా సరే. స్నానం ఎప్పుడూ కూర్చునే. గోడకున్న మడత కుర్చీకి చేతులుండవు చాలాసార్లు, కాబట్టి చేతులున్న షవర్ కుర్చీ ఒకటి అడగండి. కమోడ్ ఎత్తు పెంచే సీటు కూడా చాలా కంపెనీలు ఉచితంగానే ఇస్తాయి, ముందే చెప్పాలంతే.

బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, బట్టలు మార్చడం లాంటివి ఓడ సిబ్బంది చేయరని కూడా తెలుసుకోండి. అది మీ ఇద్దరి పనే. రాత్రి పనులు వంతులు వేసుకోండి. ఒకరోజు మీరు, ఒకరోజు చెల్లి. రెండోవాళ్లు ఆ రాత్రి నిజంగా పడుకోవాలి. చూసుకునే మనిషి అలిసిపోతే ఆ అలసట ముందు పసిగట్టేది అమ్మగారే.

సాగరిక

ఈ చివరి మాట అమ్మకి చదివి వినిపించాను. "ఆ డాక్టరమ్మ చెప్పింది నిజమే" అంది. వంతులు వేసుకుంటేనే వస్తానంది. అంటే వస్తానన్నట్టే కదా!

చట్టాల సంగతి ఎవరికైనా తెలుసా? మాకు ఏదైనా హక్కు ఉందా, లేక వాళ్లు చేస్తే చేసినట్టేనా?

వెన్నెల_తీరం

ఆ అనుభవం తర్వాత నేను కూర్చుని చదివాను. ఐరోపా సమాఖ్యలోని రేవులో మీరు ఓడెక్కితే 1177/2010 నంబరు నిబంధన వర్తిస్తుంది. 2012 డిసెంబరు 18 నుంచి అమల్లో ఉంది. వికలాంగులకీ, కదలిక తగ్గినవాళ్లకీ రేవులోనూ, ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సాయం ఉచితంగా చేయాలి. కనీసం 48 గంటల ముందు చెప్పాలి. గది, సీటు విషయంలో, తెచ్చుకునే పరికరం విషయంలో ప్రత్యేక అవసరాలుంటే బుకింగ్ సమయంలోనే చెప్పాలి. కంపెనీ తప్పు వల్ల వీల్‌చైర్ విరిగినా పోయినా, దాని మరమ్మతు ఖర్చు గానీ కొత్తదాని ఖరీదు గానీ ఇవ్వాలి.

అమెరికా రేవుల నుంచి వెళ్లేవాటికి వాళ్ల వికలాంగుల చట్టం ఉంది. ఓడ వేరే దేశం జెండాతో తిరిగినా సరే, అమెరికా జలాల్లో ఉన్నప్పుడు ఆ చట్టం వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తీర్పిచ్చింది. ఆ కేసు వేసినవాళ్లలో వికలాంగ ప్రయాణికులున్నారు. ఈరోజు మనం గది అడగగలుగుతున్నామంటే వాళ్లు ఊరుకోకపోవడం వల్ల కూడా.

రెండుచక్రాలు

విమానంలో ఓడ దాకా వెళ్లాలి కాబట్టి బ్యాటరీ కుర్చీలవాళ్లకి ఒక మాట. విడదీసే లిథియం బ్యాటరీ అయితే ఒక్కటి 300 వాట్-అవర్ల (బ్యాటరీ సామర్థ్యం కొలత) దాకా, రెండు బ్యాటరీలైతే ఒక్కోటి 160 దాకా అనేది విమానాల్లో సాధారణ నియమం. విడదీసి చేతి సామానులో పెట్టుకోవాలి, ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పాలి. బ్యాటరీ మీద ఆ అంకె చెరిగిపోయి ఉంటే కౌంటర్‌లోనే ఆపేస్తారు. కంపెనీ కాగితం దగ్గర పెట్టుకోండి.

మామూలు కుర్చీ అయినా దిండు, పక్క పలకలు, పాదాల పలకలు విప్పి చేతిలో తీసుకెళ్లండి. కుర్చీ అప్పగించేముందు నాలుగు వైపులా ఫొటో తీయండి. ఓడ బయల్దేరే రోజునే విమానం దిగేలా పెట్టుకోకండి. కుర్చీ ఇంకో ఊరికి వెళ్లిపోతే అది వచ్చేదాకా ఆగడానికి ఒక రోజైనా ఉండాలి.

నిదానం

భోజనం సంగతి ఎవరూ అనలేదు. బఫేలో పళ్లెం పట్టుకుని కుర్చీ తోసుకోలేం. అక్కడున్న కుర్రాళ్లని పిలిస్తే వాళ్లే పళ్లెం పట్టుకుని పక్కన నడుస్తారు, ఏది కావాలంటే అది వడ్డిస్తారు. మొహమాటపడొద్దు. థియేటర్‌లో షో అయిపోగానే లిఫ్టుల దగ్గర జాతర. చివరి పాట అవగానే లేచిపోండి, లేదంటే అందరూ వెళ్లేదాకా కూర్చోండి.

ఏడో_డెక్

చేతులతో చక్రాలు తోసుకునేవాళ్లు తినేముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అంటుకుంటే తొందరగా పాకుతుంది, శానిటైజర్ దానిమీద సరిగ్గా పనిచేయదు.

సాగరిక

డాక్టరుగారు సరేనన్నారు. మందులు మార్చలేదు, బీపీ రోజూ చూసుకోమన్నారు. చెల్లి మధ్యధరా అంటోంది, నేను అలాస్కా అంటున్నాను. అమ్మకి పాత కట్టడాలంటే ఇష్టం. మధ్యధరాలో అన్నీ రాళ్లూ మెట్లే అని చదివాం, నిజమేనా?

రెండుచక్రాలు

చాలావరకూ నిజమే, కానీ పూర్తిగా కాదు. ఏథెన్స్‌లో పార్థినాన్ గుడి ఉన్న కొండకోట అక్రోపోలిస్‌కి 2020 డిసెంబరులో కొత్త లిఫ్టు పెట్టారు, పైన కొంత దారి చదును చేశారు. ఓడ ఆగేది పిరేయస్‌లో, గట్టుకే ఆనుకుంటుంది. అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాత నగరం పాంపేలో 2016 నుంచి వీల్‌చైర్లకీ, పిల్లల బండ్లకీ వేసిన దారి 3 కిలోమీటర్లకు పైగా ఉంది, ఓడ నేపుల్స్‌లో ఆగుతుంది. రోమ్‌లో కొలోసియమ్‌కి లిఫ్టుంది. అయితే ఓడ ఆగే చివిటవెక్యా నుంచి రోమ్ చాలా దూరం, లిఫ్టున్న బండి దొరికితేనే వెళ్లండి. దుబ్రోవ్నిక్ పాత కోట అందమైనదే, కానీ లోపల పక్క వీధులన్నీ మెట్లే. నడి వీధి మాత్రం చదునుగా ఉంటుంది.

అలాస్కాలో స్కాగ్వే రైలుకి వీల్‌చైర్ లిఫ్టున్న పెట్టెలున్నాయి, ముందే చెప్పి పెట్టుకోవాలి. జూనోలో రేవు పక్కనే కొండమీదికి కేబుల్ కారు ఉంది. అమ్మగారికి పాత కట్టడాలు ఇష్టమంటున్నారు కాబట్టి ఏది కావాలో ఆవిడనే తేల్చమనండి. మనకోసం మనవాళ్లు సులువైన చోటు ఎంచి పెడతారు, మన ఇష్టం అడగరు. నాకు చాలాసార్లు అలా జరిగింది.

ఫిజియోమాట

అన్న చెప్పింది నిజం. ఆవిడనే అడగండి.

సాగరిక

అడిగాం. "పార్థినాన్ చూడాలి" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఏథెన్స్, నేపుల్స్, బార్సిలోనా ఉన్న దారి చూశాం, టెండర్ ఊరు ఒక్కటే వస్తోంది. ఆ రోజు ఓడలోనే ఉందామంది. కంపెనీకి మెయిల్ పెడితే బాత్రూమ్ ఫొటో పంపారు, ఎడమ వరుసలో గదికి కమ్మీ కుడి పక్కనొస్తోంది. ఎదుటి వరుసలో అడిగితే సరిగ్గా ఎడమకొచ్చింది! మంచం ఎత్తు మా కుర్చీ కంటే 4 సెంటీమీటర్లు ఎక్కువ. పర్వాలేదా?

ఫిజియోమాట

పర్వాలేదు. మంచం మీదికి వెళ్లేటప్పుడు కాస్త కష్టం, దిగేటప్పుడు సులువు. ఇప్పట్నుంచే ఇంట్లో మంచం మీద గట్టి పరుపు ఒకటి వేసి అంత ఎత్తుకి తెచ్చి రోజూ సాధన చేయించండి.

సాగరిక

అలాగే. ఆఖరి ప్రశ్న. చివరిరోజు దిగేటప్పుడు పెద్ద తోపులాట అంటారు. అప్పుడెలా?

ఏడో_డెక్

సాయం కావాల్సినవాళ్లకి వేరే చోటు కేటాయిస్తారు, అక్కడ కూర్చుంటే సిబ్బందే వచ్చి తీసుకెళ్తారు. ఒకరోజు ముందే రిసెప్షన్‌లో పేరు రాయించండి, లేకపోతే చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. సూట్‌కేసులు ముందురోజు రాత్రే తలుపు బయటి నుంచి పట్టుకెళ్లిపోతారు. అమ్మగారి మందులు, బీపీ మిషన్, మర్నాడు కట్టుకునే బట్టలు, నాలుగు కాళ్ల కర్ర వాటిలో వెళ్లకుండా చూసుకోండి.